మందగమనా, నీకు జేజేలు!

తల్లీ, కన్సోలమ్మా! మన కావ్యాల్లో నాయికను పొగడాలంటే ముందు నడకను పొగడాలి. హంసయాన అంటారు, గజగమన అంటారు, మందగమన అంటారు. పరుగెత్తే నాయికను ఒక్క కవీ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఇన్ని శతాబ్దాల పాటు ఇంతమంది కవులు ఈ విశేషణాలన్నీ ఎవరి కోసం కూడబెట్టారో నాకు అర్థమయ్యేది కాదు. నీ లాగిన్ పేజీలో పేరూ పాస్‌వర్డూ కొట్టి, ఎంటర్ నొక్కి, తెర నడుమ ఆ గుండ్రటి చక్రం తిరగడం చూశాక అనుమానం తీరింది. వాళ్లంతా నీ కోసమే రాసి పెట్టారు.

నీ మహిమ తెలియని పాఠకులు ఉంటారు గనక గోత్రనామాలు చెప్పుకోవాలి. ఒకే ఇనుప పెట్టెలో అయిదారు సర్వర్లు ఉండేటట్టు చేసే విద్య ఒకటుంది. లోపలున్న ప్రతిదీ పెట్టె అంతా తనదేననుకుంటుంది, పక్కన ఇంకొకటుందని దానికి తెలియదు. వర్చువల్ సర్వర్లంటే ఇవే. ఆదోని పత్తి ఊరు. నేను చూసుకునే జిన్నింగు ఫ్యాక్టరీలో అలాంటి పెట్టె ఒకటుంది. అందులో కాటా లెక్కలకొక సర్వరు, బిల్లులకొకటి, ట్యాలీకొకటి, కెమెరాలకొకటి. ఎమ్మిగనూరులో మా ఫ్యాక్టరీ షావుకారు గారి బావమరిదికి బట్టల వ్యాపారం ఉంది, దాని లెక్కలకు మరొకటి. వీటిలో దేన్ని లేపాలన్నా, పడుకోబెట్టాలన్నా, దేనికి ఇంకాస్త మెమరీ పెట్టాలన్నా బ్రౌజరులో తెరుచుకునే పేజీ ఒకటుంటుంది. ఆ పేజీవి నువ్వు. సర్వర్లందరికీ పెద్దమ్మవి.

జాకబ్ నీల్సన్ అనే ఆయన 1993లో ‘యూజబిలిటీ ఇంజనీరింగ్’ అనే పుస్తకంలో ఒక లెక్క చెప్పాడు. సెకనులో పదో వంతులో జవాబొస్తే మనిషికి వెంటనే వచ్చినట్టు ఉంటుందట. ఒక్క సెకను దాకా ఆలోచన తెగదట. పది సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుందట. అంతకు పాతికేళ్ల ముందే, 1968లో, రాబర్ట్ మిల్లర్ కూడా ఇలాంటి హద్దులే గీశాడు. పాపం, ఇద్దరికీ నీ దర్శనభాగ్యం కలగలేదు. మనసు చెదిరిపోతుందని వాళ్లు బెంగపడ్డారు. నువ్వు ఆ చెదరడాన్నే వరంగా మార్చావు. మా గుమాస్తా నిన్ను తెరిచి పెట్టి, వీధి చివర హోటల్లో ఉగ్గాని బజ్జీ తిని, టీ తాగి, తెలిసినవాళ్లను పలకరించి వస్తాడు. వచ్చి చూసి, “ఇంగా తిరుగుతానే ఉందన్నా” అంటాడు, ఇంట్లో పాడి బాగుందని చెప్పినంత తృప్తిగా.

విష్ణుమూర్తి చక్రం ఒక్కసారి బయల్దేరితే పని ముగించుకుని గానీ తిరిగి రాదు. అందులో ఏం గొప్ప? నీ చక్రం ఎక్కడికీ పోదు, ఎవరి జోలికీ రాదు, ఫలితం మీద ఆశ లేకుండా ఉన్నచోటే తిరుగుతుంది. గీతలో చెప్పిన నిష్కామకర్మను ఇంత నిష్ఠగా పాటించే సాఫ్ట్‌వేరు ఇంకోటి లేదు.

దూరాన్ని, వేగాన్ని నువ్వు జయించిన తీరు మరీ ఘనం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆదోనికీ ఎమ్మిగనూరికీ మధ్య ముప్పై కిలోమీటర్లు అటూ ఇటూ. కేబులు వాళ్లు ఆ మాటను హైదరాబాదు తిప్పి పంపినా, బెంగళూరు తిప్పి పంపినా, పోయి రావడానికి మిల్లీసెకన్లు పదుల్లో చాలు. అంత ఆత్రం మంచిది కాదని నువ్వు దాన్ని అణిచావు. బట్టల కొట్టు కుర్రవాడు అక్కడ నిన్ను తెరిచి ఊరికే కూర్చునే బదులు ఆదోని బస్సెక్కితే మేలని నా సలహా. బాగా నడిచే రోజుల్లో నువ్వే ముందుంటావు, కాదనను. పత్తి సీజనులో మాత్రం బస్సుదే పైచేయి.

నీ వంశమూ సామాన్యమైనది కాదు. మీ కులంలో పెద్ద పేరు వీఎంవేర్ వాళ్ల వీస్ఫియర్‌ది. పూర్వం దానికి విండోస్‌లో నడిచే ఒక క్లయింటు ఉండేది, నొక్కితే తెరుచుకునేది. అంత మోటుగా ఉంటే గౌరవం ఏముంటుందని 2012లో, 5.1 వెర్షన్ నాటికి, పీట బ్రౌజరుకు మార్చారు. కొత్త సదుపాయాలన్నీ అక్కడే అన్నారు. ఆ బ్రౌజరు పేజీని దేనితో కట్టారు? ఫ్లాష్‌తో. కార్టూన్లు ఆడించడానికి పుట్టిన ఫ్లాష్ చేతికి డేటా సెంటర్ల తాళాలిచ్చిన ఆ దూరదృష్టిని ఏమని పొగడను! ప్రపంచమంతటా సర్వర్లు చూసుకునేవాళ్లు ఒక్క క్లిక్కు చేసి ధ్యానంలోకి వెళ్లేవారు. చివరికి ఆ సంస్థ ఇంజనీర్లే ఉండబట్టలేక 2016లో ‘ఫ్లింగ్’ పేరుతో ఫ్లాష్ అక్కర్లేని హెచ్‌టీఎంఎల్ 5 క్లయింటును ప్రయోగంగా బయట పెట్టారు. మరుసటి ఏడాది జులైలో అడోబీ తన ఫ్లాష్‌కు 2020 చివరికి ఆయువు తీరుతుందని జాతకం చెప్పింది. అన్ని పనులూ చేయగల హెచ్‌టీఎంఎల్ 5 క్లయింటు 2018 అక్టోబరుకు గానీ పూర్తి కాలేదు. 2020లో వచ్చిన ఏడో వెర్షన్‌లో ఫ్లాష్ ఊసే లేదు. అంటే ఎనిమిదేళ్లు. మంచి పని ఎంత నిదానంగా చేయవచ్చో లోకానికి చూపించిన వంశం మీది. నువ్వు ఆ కంపెనీ దానివి కావు, వేరే ఇంటి పిల్లవు. అయినా కులధర్మం తప్పలేదు.

నీ భక్తుల గురించి చెప్పకపోతే స్తుతి సగమే అవుతుంది. నీకు కోపం వచ్చినప్పుడు చేయాల్సిన శాంతులు వాళ్లకు కంఠస్థం. మొదట క్యాషే తుడవాలి. ఆ తర్వాత వేరే బ్రౌజరులో తెరిచి చూడాలి. అమ్మినవాళ్లకు ఫోను చేస్తే, “మా దగ్గర ఫాస్టుగానే ఉంది సార్” అని దీవిస్తారు. వాళ్ల దగ్గర బాగుంటే మనకు బాగున్నట్టే కదా. ఇంకా పట్టుబడితే చిట్టాలన్నీ మూటగట్టిన లాగ్ బండిల్ పంపమంటారు. ఆ బండిల్ కట్టడానికి నీకున్న కాస్త ప్రాణం ఖర్చవుతుంది, మిగిలిన కాస్త డిస్కు నిండిపోతుంది. దీనికన్నా చక్కటి వైద్యం ధన్వంతరికీ తోచదు. పుండు ఎంత లోతుందో చూడ్డానికి ఇంకొంచెం కెలకడమన్న మాట.

అన్నింటికీ మించినది రీస్టార్టు. దాని గొప్పతనం దాని తర్వాత నాలుగు రోజులు నువ్వు చురుగ్గా ఉండటంలో లేదు. జబ్బు ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లన్నీ ఆ ఒక్క దెబ్బతో తుడిచిపెట్టుకుపోతాయి చూడు, అందులో ఉంది. ఏ ప్రాసెస్ ఇరుక్కుంది, ఏ క్యూ పేరుకుంది, మెమరీ ఎవరు మింగారు అన్నవి ఇక ఎవరూ అడగరు, అడిగినా జవాబు ఉండదు. అయిదో రోజున మళ్లీ మామూలే. మామూలంటే మనవాళ్లకు ఎంత ఇష్టమో నీకు తెలుసు.

ఇక షావుకారు గారి భక్తి. ఆయన నమ్మకం ర్యామ్ మీద. “ఏముంది నాయనా, ఇంకో ముప్పై రెండు జీబీ ఏయించు, పోతాది” అంటారు. బెంగళూరులో ఉన్న అన్న కొడుకు చెప్పాడట. వేయించాం కూడా. ర్యామ్ వచ్చి స్లాటులో కూర్చుంది, నువ్వూ యథాస్థానంలో కూర్చున్నావు. నిన్ను ప్రలోభపెట్టడం ఎవరి తరమూ కాదని ఆ రోజు తేలిపోయింది. 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ డేటా సెంటరు వస్తోందని ప్రకటన వెలువడ్డాక ఆయన ఇంకో మెట్టు ఎక్కారు. “మనదీ ఆడనే పెట్టేస్తే సరి!” అంటున్నారు. అక్కడికెళ్లినా నువ్వు మారవని నాకు పూర్తి విశ్వాసం. నీతోపాటు నీ సామాన్లన్నీ వస్తాయి కదా.

ఆ సామాన్లేమిటో చూడాలని ఒక దుర్బుద్ధి పుట్టింది. గుడిలో విగ్రహం వెనక్కి వెళ్లి చూడకూడదంటారు. నేను బ్రౌజరులో ఎఫ్ 12 నొక్కాను. నెట్‌వర్క్ అనే పట్టీ తెరుచుకుని, నువ్వు అడిగిన ప్రతి మాటకు ఎంతసేపు పట్టిందో గీతలు గీసి చూపించింది. బొమ్మలు, బటన్లు, రంగులు అన్నీ రెప్పపాటులో వచ్చేశాయి. ఒకే ఒక్క గీత తెర ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది: “నా సర్వర్లన్నీ ఎలా ఉన్నాయి?” అని నువ్వు లోపలికి పంపిన ప్రశ్న. ఆ గీతలో దాదాపు అంతా నిరీక్షణే. మొదటి బైటు కోసం. వచ్చిన తర్వాత దింపుకోవడానికి పట్టింది చిటికె. అంటే తల్లీ, నువ్వు నడవలేక ఆగలేదు. లోపల ఎవరో జవాబు చెప్పక ఆగావు.

పెట్టెలోకి నేరుగా ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి, సర్వర్ల జాబితా అడిగితే వెంటనే ఇచ్చింది. మామూలు నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఆ నల్లతెరను చూసి మాత్రం నువ్వు ఈర్ష్య పడకు; దానికి నీ అలంకారం ఎక్కడిది?

మరి నువ్వెక్కడ ఆగుతున్నావో ఒక్కోటీ వెతికాను. ముందు పేరు సంగతి. కర్ల్ అనే చిన్న పనిముట్టుతో పెట్టె లోపలి నుంచే నిన్ను పలకరిస్తే పేరు వెతకడానికి ఎంత, చేయి కలపడానికి ఎంత, మొదటి మాటకు ఎంత అని విడివిడిగా చెబుతుంది. పేరు వెతకడానికే అయిదు సెకన్లు. కచ్చితంగా అయిదు. లినక్సులో పేరు అడిగితే ఒక్కో నేమ్ సర్వరు దగ్గర మామూలుగా ఆగేది అయిదు సెకన్లే, ఆ తర్వాతే రెండోదాని గుమ్మం తొక్కుతుంది. కాబట్టి ఆలస్యం అయిదు, పది, పదిహేను అని ఎక్కంలా వస్తుంటే కళ్లు మూసుకుని, పేర్లు వెతికిపెట్టే డీఎన్ఎస్ వైపు వేలు చూపించవచ్చు. నేమ్ సర్వర్ల పేర్లుండే ఫైలు తెరిస్తే మొదటి వరసలో ఒక పాత రూటరు అడ్రసు. ఆ రూటరు పిడుగు పడి పోయి, పాత ఇనుప సామాన్ల వాడి బండెక్కి చాలా కాలమైంది. వచ్చిన ప్రతివారి పేరూ ఊరూ ముందు ఆ పోయినవాణ్నే అడిగి, అయిదు సెకన్లు మౌనం పాటించి, అప్పుడు బతికున్నవాణ్ని అడుగుతున్నావు. పెద్దల పట్ల ఇంత గౌరవం ఈ కాలంలో ఎవరికుంది!

తర్వాత అమరత్వం. చిరంజీవులు ఏడుగురని చిన్నప్పటి నుంచి విన్నాం. ఎనిమిదోదాన్ని నువ్వు పెంచుతున్నావు. ఎమ్మిగనూరు కొట్లో బ్యాకప్ కోసం ఒక డబ్బా ఉండేది, ఇక్కడి పెట్టె దాన్ని ఎన్ఎఫ్ఎస్ ద్వారా తన డిస్కులాగే వాడుకునేది. కొట్టుకు రంగులు వేసినప్పుడు ఎవరో దాని ప్లగ్గు తీశారు. మళ్లీ పెట్టినవాడు లేడు, ఇక్కడ దాని పేరు తీసేసినవాడూ లేడు. నీ వెనక సర్వర్ల యోగక్షేమాలు పోగుచేసే సేవకుడు ఒకడున్నాడు. వాడు వరసగా ఒక్కో డిస్కు తలుపు తడుతూ వచ్చి, లేని ఆ డబ్బా తలుపు తట్టి అక్కడే నిలబడిపోయాడు. లినక్సు భాషలో దాన్ని డి స్టేట్ అంటారు. ఆ స్థితిలోకి వెళ్లినదాన్ని చాలాసార్లు కిల్ మైనస్ తొమ్మిది కూడా ఏమీ చేయలేదు. ఆ కమాండుకు యముడికన్నా గట్టి పేరుంది. సేవకుడు అక్కడ నిలబడటంతో నీ తెర మీద సర్వర్ల పక్కన పచ్చ గుర్తులు పోయి బూడిదరంగు ప్రశ్నార్థకాలు వచ్చాయి. సర్వర్లన్నీ నిక్షేపంగా నడుస్తున్నాయి, కాటాలో లారీలు తూగుతున్నాయి, బిల్లులు వస్తున్నాయి. వాళ్లు బతికున్నారో లేదో నీకే తెలియదు. సంసారం గురించి ఇంత నిర్లిప్తత పరమహంసలకు గానీ రాదు.

జ్ఞాపకశక్తి మాటకొస్తే చిత్రగుప్తుడు నీ దగ్గర గుమాస్తాగా కూడా పనికిరాడు. ఆయన పాపపుణ్యాలు మాత్రమే రాస్తాడు. ఎవరు ఏ నిమిషాన లాగిన్ అయ్యారు, ఎవరు పాస్‌వర్డు తప్పు కొట్టారు, ఏ సర్వరు మెమరీ ఎంత వాడింది, ఏ అలారం మోగి ఆగింది అన్నీ నువ్వు రాస్తావు. తుడిపే ఏర్పాటు ఎవరూ పెట్టలేదు గనక ఒక్కటీ తుడపవు. ఇప్పుడేం జరుగుతోందని అడిగితే పుట్టిన్నాటి నుంచీ ఉన్న చిట్టా అంతా తిరగేసి, అప్పుడు నోరు విప్పుతావు.

ఉదారత చెప్పనలవి కాదు. పెట్టెలో ఉన్నవి ఎనిమిది ప్రాసెసర్ కోర్లు. ఎవరు అడిగితే వాళ్లకు నాలుగేసి, ఆరేసి ఇస్తూ పోయారు. కాగితం మీద కోర్లు పెట్టెలో ఉన్నవాటికి మూడు నాలుగింతలయ్యాయి. అందరూ ఒకేసారి లేవరన్న ధీమా. సీజనులో పొద్దెక్కేసరికి అందరూ ఒకేసారే లేస్తారు. దసరా రాత్రి దేవరగట్టు మీద ఉత్సవమూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడేది ఏడాదికి ఒక్కసారే. మన పెట్టెలో కోర్ల కోసం ఆ సంబరం రోజూ. తమాషా ఏమిటంటే, పెద్దమ్మవైన నువ్వు కూడా ఆ సర్వర్లలోనే ఒకదానిగా ఉన్నావు, నీ వాటా రెండు కోర్లు. గొడవ పడేవాళ్లను అదుపులో పెట్టాల్సిన నువ్వు, గొడవ తగ్గాక మిగిలింది తింటున్నావు. మన ఇళ్లలో పెద్దమ్మలు చేసేదీ అదే, కాదనడానికి లేదు.

డిస్కుల దగ్గర నీ సహనం పరాకాష్ఠ. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు చిల్లర మల్లర పనులు వంద దాకా చేస్తే గొప్ప. ఆ బరువు తెలియకుండా డిస్కులను నడిపే రెయిడ్ కార్డు మీద కొంచెం మెమరీ, దానికో బ్యాటరీ పెడతారు. రాయాల్సినది ముందు మెమరీలో పడుతుంది, “రాసేశాను, పో” అని కార్డు జవాబు చెప్పేస్తుంది, తీరిగ్గా డిస్కుకు ఎక్కుతుంది. కరెంటు పోయినా బ్యాటరీ కాపాడుతుంది. ఆ బ్యాటరీ చచ్చిపోతే కార్డు భయపడి ఆ పద్ధతి మానేస్తుంది. ప్రతి అక్షరం డిస్కు మీద నిజంగా పడ్డాకే జవాబిస్తుంది. చాలా మంచి జాగ్రత్త. మన కార్డు బ్యాటరీ పోయింది. పోయిందని కార్డు తన లాగులో ఎన్నోసార్లు మొరపెట్టుకుంది కూడా. ఆ లాగు చదివేవాళ్లు ఎవరూ లేరు గనక దాన్నీ నీ చిట్టాలోనే చేర్చుకున్నావు. దీనికి తోడు, డిస్కు ఆ క్షణాన ఎలా ఉందో గుర్తు పెట్టే స్నాప్‌షాట్లు. ట్యాలీ అప్‌డేట్ చేసే ముందు ఒకటి, చేశాక ఒకటి, జీఎస్టీ రేట్లు మారినప్పుడు ఒకటి తీశారు. “బ్యాకప్ ఉంది సార్” అని నిద్రపోయారు. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అసలు డిస్కు పోతే అదీ దానితోనే పోతుంది. ఉన్నన్నాళ్లూ ఒక అక్షరం చదవాలంటే ఆ గొలుసు పొడుగునా వెతుక్కుంటూ పోవాలి. అయినా తీసేయడానికి ఎవరికీ మనసొప్పదు. తాతగారి పందిరిమంచం, అక్కయ్య పుస్తకాలు పారేయనివ్వని ఇల్లు మనది, స్నాప్‌షాట్ పారేస్తామా?

ఎమ్మిగనూరు వైపు నీ లీల వేరు. అక్కడ నీ మూర్తి సగమే కనిపించేది. శీర్షిక వచ్చేది, పక్క పట్టీ వచ్చేది, నడుమ తెల్లగా ఉండిపోయేది. పింగ్ చేస్తే చక్కగా పలుకుతున్నావు, ఇక తప్పెవరిదంటాం? పింగ్ చిన్న మూట, ఎక్కడైనా దూరుతుంది. ఈథర్‌నెట్‌లో ఒక మూట 1500 బైట్లు. అక్కడి బ్రాడ్‌బ్యాండు పీపీపీఓఈ పద్ధతిలో వస్తుంది, ఆ పద్ధతికి తన చీటీ అంటించడానికి ఎనిమిది బైట్లు కావాలి, మిగిలేది 1492. పెద్ద మూట కొంచెం తగ్గి రావాలని దారిలో చెప్పాల్సిన సందేశాన్ని ఎవరో ఫైర్‌వాల్‌లో భద్రత పేరుతో ఆపేశారు. దాంతో చిన్న మూటలు చేరుతున్నాయి, నీ నిండు విగ్రహం మోసే పెద్ద మూటలు గడప దగ్గర మాయమవుతున్నాయి. మూటను ముక్కలు చేయొద్దని ఆజ్ఞాపించి, హెడర్లతో కలిపి 1500 అయ్యేలా 1472 బైట్లతో పింగ్ చేస్తే మౌనం. మొత్తం 1492 అయ్యేలా 1464కు తగ్గిస్తే గలగలా మాటలు. ఆ ఎనిమిది బైట్ల కోసం బట్టల కొట్టు కుర్రవాడు రెండు బ్రౌజర్లు, ఒక ల్యాప్‌టాప్ మార్చాడు.

అదే ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారి పూనికతో చేనేత సహకార సంఘం పుట్టింది. మగ్గాల ఊరు. నేత నేసేవాడు పడుగులో ఒక పోగు తెగితే ఏం చేస్తాడు? మగ్గం ఆపుతాడు, వేలితో తడిమి తెగిన చోటు పట్టుకుంటాడు, ముడేసి మళ్లీ నాడె విసురుతాడు. మగ్గాన్ని ఒకసారి విప్పి బిగించడు, ఇంకో ముప్పై రెండు పోగులు కొనిపెట్టమనడు, మగ్గాన్ని విశాఖ పంపుదామనడు. ఇంత వెనకబడిన ఆలోచన కంప్యూటరు చదువులు చదివిన మా దాకా రాకుండా నువ్వే అడ్డుపడి ఉంటావు. ధన్యులం.

చివరగా నీ పీఠాన్ని కూడా దర్శించుకున్నాను. ఫ్యాక్టరీలో సగం పత్తి గాలిలోనే ఉంటుంది. జిన్నింగు నడిచే నెలల్లో తెల్లటి పీచు కిటికీ చువ్వల మీద, ఫ్యాను రెక్కల మీద, గుమాస్తా కనుబొమ్మల మీద మంచులా కూర్చుంటుంది. పెట్టె ముందు భాగంలో గాలి పీల్చుకునే జల్లెడ ఉంది. విప్పి చూస్తే జల్లెడ కనిపించలేదు. దాని స్థానంలో వేలెడు మందం దూది పరుపు ఉంది, ఎవరో అల్లి అతికించినట్టు చదునుగా, మెత్తగా. గోరుతో ఒక మూల లేపి లాగితే మొత్తం ఒకే తుండులా ఊడి వచ్చింది, రెండో వైపు నూనె జిడ్డుతో నల్లగా. దాని వెనక ప్రాసెసర్ మీది అల్యూమినియం రెక్కల మధ్య సందుల్లోనూ అదే దూది. బయట ఎండ నలభై దాటుతోంది, లోపల ప్రాసెసర్ కంబళి కప్పుకుని కూర్చుంది. వేడి హద్దు మీరితే ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కర్నల్ లాగులో ఆ మాటే వరసగా, పేజీల కొద్దీ. ఇంత వేడిలో, ఇంత బరువుతో, ఊపిరి అందకుండా కూడా చక్రం తిప్పడం ఆపలేదు చూడు, అప్పుడు మాత్రం నిజంగానే చేతులెత్తి దండం పెట్టాను.

కాబట్టి నిన్ను స్లో అన్నవాళ్ల నోళ్లు పడిపోను. చచ్చిన రూటరును తలుచుకోమని నిన్ను పెట్టిందెవరు? ప్లగ్గు పీకిన డబ్బా పేరు జపించమన్నదెవరు? బ్యాటరీ పోయిందన్న మొర వినిపించుకోనిదెవరు? పెట్టె లోపలి పాపాలన్నింటికీ బయట కనిపించే ముఖం నీదొక్కటే గనక తిట్లన్నీ నీకే వచ్చాయి. రేషను కొట్టు దగ్గరా, బ్యాంకు దగ్గరా, ఎక్కడ క్యూ ఆగినా “సర్వర్ డౌన్” అనే రెండు మాటలతో జనం తృప్తిపడి ఇళ్లకు పోవడం ఈ పాతికేళ్లలో అలవాటైంది. ఆ రెండు మాటల వెనక ఏ పోగు తెగిందో అడిగేవాడు లేనంత కాలం నీ సామ్రాజ్యానికి లోటు లేదు.

షావుకారు గారూ, ఈ స్తోత్రం మీరు చదువుతారని తెలుసు, గుమాస్తా చదివి వినిపిస్తాడు. ఇంకో ర్యామ్ వద్దు. విశాఖ సంగతి తర్వాత చూద్దాం. నేమ్ సర్వరు వరస మార్చాను, ఎమ్మిగనూరు డబ్బాను జాబితాలోంచి తీసేశాను, అక్కడి రూటరులో మూట సైజు సరిచేశాను. వీటికి పైసా ఖర్చు కాలేదు. పాత చిట్టాలో మూడు నెలల కన్నా ముందువి చెరిపెయ్యడానికి, స్నాప్‌షాట్లు తీసెయ్యడానికి మీ మాట కావాలి. అంతకు ముందు నిజమైన బ్యాకప్ ఒకటి వేరే డిస్కులోకి తీసుకోనివ్వండి. రెయిడ్ కార్డుకు బ్యాటరీ ఒకటి కొనండి. పెట్టెను జిన్నింగు గోడకు ఆనించి కాకుండా ఆఫీసు గదిలోకి మార్పించండి, అంతదాకా ప్రతి వారం మిల్లు ఆపినప్పుడు ఆ జల్లెడ మీది దూది తీసి పారేయమని గుమాస్తాకు చెప్పండి. దీపావళి దాటితే లారీలు వరస కడతాయి, అప్పుడు పెట్టె విప్పడానికి నాకు సందు దొరకదు.